ఒక రూక భోజనం, ఒక దిర్హం చాయ్

సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఎప్పుడు తిరగేసినా నా చేయి ఆగే చోటు ఒకటుంది. రాజులూ యుద్ధాలూ వదిలి, కాకతీయుల ఓరుగల్లులో సామాన్యుడు ఏం తిన్నాడు, ఎక్కడ తిన్నాడు అని అడిగే చోటు అది. ఆయనకు అక్కడ ఆధారం ‘క్రీడాభిరామం’. అది వినుకొండ వల్లభరాయడిదా శ్రీనాథుడిదా అన్న వివాదం పండితులది. మనకు కావలసింది అందులోని పూటకూటి ఇల్లు. ఊరుగాని ఊరు వచ్చిన బాటసారి ఒక్క రూక చెల్లిస్తే మేలిబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఒక నగరం పరాయివాడిని ఎంతకు, ఏ షరతుమీద కూర్చోబెట్టుకుంటుందో చెప్పే శాసనం లాంటి పద్యమది. దాన్ని చరిత్రకు ఆధారంగా చేసుకున్న పుస్తకానికే 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కడం న్యాయమే అనిపిస్తుంది.

ఇన్నేళ్ళుగా ఎమిరేట్స్‌లో ఉంటూ, దుబాయిమీద వచ్చిన పుస్తకాలు ఒక్కొక్కటే చదువుతూ, నేను వెతుకుతున్నది అలాంటి పద్యాన్నే. ఫ్రౌకే హర్డ్-బే 1982లో ప్రకటించిన ‘ఫ్రమ్ ట్రూషియల్ స్టేట్స్ టు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్’ తెగలు, ఒప్పందాలు, పాలన గురించి చెప్పే ప్రామాణిక గ్రంథం. జిమ్ క్రేన్ 2009 నాటి ‘సిటీ ఆఫ్ గోల్డ్’ విలేకరి చురుకుతో రాసిన నగర కథ. రెండూ విలువైనవే. కానీ రెండింటిలోనూ నగరాన్ని కట్టినవాళ్ళ సంతకాలు కనిపించినంతగా, కట్టి అలసినవాడు సాయంత్రం చేత పట్టుకున్న కాగితపు కప్పు కనిపించదు. ఆ కప్పు చరిత్రను, దొరికిన ముక్కలతో, ఇక్కడ కూర్చే ప్రయత్నం చేస్తాను.

మొదట చెప్పవలసింది, చమురుకు ముందటి దుబాయిలో ‘బయట తినడం’ అన్న ఊహకే పెద్దగా చోటు లేదని. ఎడారి మర్యాదలో అతిథికి అన్నం అమ్మరు, పెడతారు. ఆ మర్యాదకు కేంద్రం మజ్లిస్, దాని చిహ్నం గహ్వా. లేతగా వేయించిన కాఫీ గింజలను ఏలకులతో కాచి, ముక్కు పొడవైన దల్లా అనే పాత్రను ఎడమ చేత పట్టుకుని, కుడి చేతిలోని పిడిలేని చిన్న ఫింజాన్‌లో అడుగున కాస్త మాత్రమే పోసి అందిస్తారు. నిండా పోస్తే ‘తాగి వెళ్ళు’ అన్నట్టు. కొంచెం పోస్తే ‘ఉండు, మళ్ళీ పోస్తాను’ అన్నట్టు. చాలనుకున్నవాడు ఫింజాన్‌ను మెల్లగా ఊపి తిరిగి ఇస్తాడు. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. కానీ ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న క్రమం మాత్రం కచ్చితంగా ఉంది. మజ్లిస్ తలుపు తెరిచే ఉంటుంది, అయితే అది ఒకరి తలుపు.

అరబ్బు లోకానికి కాఫీ హోటలు తెలియక కాదు. రాల్ఫ్ హాటాక్స్ రాసిన ‘కాఫీ అండ్ కాఫీహౌసెస్’ (1985) అన్న చిన్న పుస్తకం ఈ విషయంలో నాకు కనువిప్పు. యెమెన్ సూఫీల రాత్రి జాగరణలకు తోడైన కాఫీ 16వ శతాబ్దిలో మక్కా, కైరో, ఇస్తాంబుల్ వీధుల్లోకి వచ్చినప్పుడు, పాలకులను భయపెట్టింది ఆ గింజకంటే దాని చుట్టూ చేరిన జనమని ఆయన వాదన. మక్కాలో 1511లో కాఫీని నిషేధించిన అధికారి ఖైర్ బేగ్ కథ అందుకు తొలి ఉదాహరణ. ఇంటికి పిలవకుండానే, పరిచయం అక్కరలేకుండానే, చిల్లర డబ్బులిచ్చి పదిమందిలో కూర్చోవచ్చునన్నది కొత్త సంగతి. మధ్యతరగతి పరువు కలవాడు రాత్రిపూట ఇల్లు కదలడానికి ఒక సాకు దొరికింది. ఆ పెద్ద నగరాల సంస్కృతి ముత్యాల రేవుల దాకా రావడానికి మాత్రం వేరే దారి పట్టింది. అది ఇరాన్ మీదుగా, హిందూస్థాన్ మీదుగా వచ్చింది. వచ్చేసరికి కాఫీ టీగా మారింది.

20వ శతాబ్ది మొదట్లో పర్షియా తన తీరపు రేవు లింగాలో కొత్త సుంకాలు విధించింది. దాదాపు అదే సమయంలో దుబాయి పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ తన రేవులో సుంకాలు ఎత్తివేశాడు. వర్తకుడికి ఇంతకంటే ఆహ్వానపత్రిక అక్కరలేదు. లింగా, బస్తక్ ప్రాంతాల వ్యాపారులు కుటుంబాలతో సహా నీళ్ళు దాటి వచ్చి, క్రీక్ ఒడ్డున గాలిగోపురాల ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే బస్తకియా అదే. మరోవైపు సింధీ, గుజరాతీ వర్తకులు బియ్యం, బట్టలు తెచ్చి ముత్యాలు కొనుక్కుపోయేవారు. 1909లో దుబాయిలో తెరిచిన తపాలా కార్యాలయం బ్రిటిష్ ఇండియా తపాలా శాఖది. బజారులో చెల్లేది రూపాయి. 1959 నుంచి భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగులో ప్రత్యేక నోట్లు అచ్చు వేసింది. 1966 జూన్‌లో భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాకే ఈ రేవులు దాన్ని వదులుకున్నాయి. దిర్హం వచ్చింది 1973లో. అంటే ఈ ఒడ్డున టీ గ్లాసుకు మొదట చెల్లిన వెల అణాలలోనే అయివుంటుంది.

హైదరాబాదు పాఠకులకు ఇక్కడ ఒక చుట్టరికం కనిపించాలి. లింగా వర్తకులు దుబాయికి కదిలిన కాలానికి కాస్త అటూ ఇటూగా, యజ్ద్ వంటి ఇరానీ పట్టణాల నుంచి మరికొందరు బొంబాయి, పూనా మీదుగా నిజాం రాజధాని చేరారు. మూలమలుపుల్లో చలువరాతి బల్లలు వేసి, డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచి, చిక్కగా మరిగించిన పాలు వేరుగా కలిపే ఇరానీ చాయ్‌ని మనకిచ్చింది వాళ్ళే. నిజానికి ఇరాన్‌లో టీ పాలు లేకుండానే తాగుతారు. ఆ తేయాకు సాగును కూడా 19వ శతాబ్ది చివర కాషెఫ్ అల్-సల్తనే అనే దౌత్యాధికారి భారతదేశం నుంచి మొక్కలు తీసుకుపోయి లాహిజాన్‌లో మొదలుపెట్టాడు. మొక్క అటు వెళ్ళింది, హోటలు ఇటు వచ్చింది, పాలు ఇక్కడ కలిశాయి. ఏ పానీయం ఎవరి సొంతమో తేల్చాలనుకునేవారికి టీ గ్లాసు మంచి గుణపాఠం.

దుబాయి చాయ్‌కి ఉన్న పేరు ‘కరక్’. ఎమిరాతీ యువకులు దీన్ని తమ మాటగానే అంటారు. అది మన ‘కడక్’. ఉర్దూలో ఆ మధ్య అక్షరాన్ని నాలుక వెనక్కి మడిచి పలుకుతారు. అరబ్బీలో ఆ ధ్వని లేదు. అందుచేత డకారం రేఫమైంది. అబిడ్స్‌లో ‘ఏక్ కడక్’ అని కేక వేసే గొంతు, సముద్రం దాటేసరికి ‘కరక్’ అయి కొత్త పౌరసత్వం పుచ్చుకుంది. మాటలకు వీసా అంత సులువుగా దొరుకుతుంది.

ఆ కడకుతనానికి రెండు యంత్రాంగాలున్నాయి. ఒకటి, తేయాకును నలిపి, చింపి, గుండ్రంగా చుట్టే సీటీసీ పద్ధతి. 1930లలో అస్సాంలో మొదలైన ఈ పద్ధతిలో ఆకు చిన్న గుళికలవుతుంది. కొద్ది పొడితో, కొద్ది సేపట్లో, ఎన్ని పాలు పోసినా తేలిపోని ముదురు రంగు దిగుతుంది. మేలురకం ఆకు టీ కొనలేని కోట్లమందికి చాయ్ అందింది ఈ పొడివల్లనే. రెండోది, డబ్బా పాలు. పాడి లేని ఎడారిలో, కరెంటూ శీతల పెట్టెలూ రాని రోజుల్లో, ఓడమీద వచ్చి నెలల తరబడి చెడకుండా నిలిచేది నీరు ఇగిర్చిన ఈ పాలే. డచ్చి కంపెనీవారి రెయిన్‌బో డబ్బా గల్ఫ్ వంటింట్లో ఇప్పటికీ చెరగని బొమ్మ. ఇగిర్చిన పాలలోని కాస్త మాడిన తీపి, ఏలకుల ఘాటు, ఒక్కోచోట కుంకుమపువ్వు కలిస్తే కరక్. లేమి నుంచి పుట్టిన రుచి ఇది. ఇప్పుడు తాజా పాలు దండిగా దొరుకుతున్నా దాన్ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

1966లో దుబాయి సముద్రంలో చమురు పడింది, 1969లో ఎగుమతి మొదలైంది, 1971 డిసెంబరు 2న దేశం ఏర్పడింది. 1968 జనగణనలో సుమారు 59 వేలమంది ఉన్న ఊరు ఇవాళ 38 లక్షలు దాటింది. వారిలో మూడింట రెండు వంతులకు పైగా మగవాళ్ళే. ఈ ఒక్క వాక్యంలోనే కాఫిటేరియా పుట్టుక దాగి ఉంది. భార్యను తెచ్చుకునేంత జీతం లేనివాడిని, ఊళ్ళో ముగ్గురు పిల్లలున్నా సరే, ఇక్కడ ‘బ్యాచిలర్’ అంటారు. ఒక గదిలో రెండంతస్తుల మంచాలమీద ఆరుగురో పదిమందో ఉండేచోట కూర్చోవడానికి కుర్చీ ఉండదు. పడుకోవడానికి చోటున్నవాడికి కూర్చోవడానికి వీధే గతి.

ఆ వీధిలో కాఫిటేరియా వెలిసింది. పేరు చూసి మోసపోకూడదు. రెండు బల్లలు, ఒక పెనం, ఒక రసాల యంత్రం, గాజుపెట్టెలో సమోసాలు, గోడమీద ఫొటోలతో సహా వంద పదార్థాల పట్టిక. నడిపేవారిలో ఎక్కువమంది కేరళ ఉత్తర మలబారువాళ్ళు. ఒక ఊరివాడు కొట్టు పెడితే తమ్ముడు వస్తాడు, తమ్ముడి వెనుక బావమరిది వస్తాడు. తెల్లవారుజామున పొరోటా, గుడ్డు. సాయంత్రం లెబనానువాళ్ళ నుంచి నేర్చిన షవర్మా. ఒమన్ చిప్స్‌ను నలిపి, జున్ను పూసి పొరోటాలో చుట్టిన శాండ్‌విచ్ ఒకటి ఇక్కడి బడిపిల్లలందరి బాల్యస్మృతి. అరబ్బీ, ఉర్దూ, మలయాళం, బెంగాలీ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే కుర్రవాడు కారు హారన్ వినపడగానే బయటికి పరుగు తీస్తాడు. కారులోని స్థానికుడూ, పేవ్‌మెంటుమీది కూలీ తాగేది ఒకే పాత్రలోని చాయ్. వాళ్ళ మధ్య కారు అద్దం ఉంటుంది, అంతే.

ఆ తరంలో పుట్టినవి కొన్ని ఇప్పుడు నగరపు గుర్తులయ్యాయి. సత్వాలోని పాకిస్తానీ రవి రెస్టారెంటు, బర్ దుబాయిలో ఇరానీ కబాబుల స్పెషల్ ఉస్తాదీ, రెండూ 1978 నాటివే. టాక్సీ డ్రైవర్లకు పప్పు, రొట్టె పెట్టిన రవి పేరుమీద 2022లో అడిడాస్ ఒక ప్రత్యేకమైన బూటు విడుదల చేసింది. 2000లో మద్రాసు శరవణ భవన్ తన తొలి విదేశీ శాఖకు ఎంచుకున్నది దుబాయినే. ఈ ముగ్గురి బల్లలమీదా ఒకరినొకరు ఎరుగని మనుషులు ఎదురెదురుగా కూర్చుని తింటారు. పద్ధెనిమిదో అంతస్తు రెస్టారెంటులో ఇది ఊహించలేం.

‘బయట తాగడం’ అన్నప్పుడు మద్యం మాట దాటవేయడం చరిత్ర కాదు. షార్జా 1985 నుంచి పొడి నేల. దుబాయిలో మద్యం దశాబ్దాలపాటు ప్రధానంగా లైసెన్సున్న హోటళ్ళ గోడల మధ్యనే దొరికింది. కొట్టులో కొనుక్కోవాలంటే వ్యక్తిగత అనుమతిపత్రం కావలసివచ్చేది. 2020లో చట్టాలు సడలాయి. 2023 జనవరిలో దుబాయి మద్యంపై 30 శాతం పన్ను ఎత్తివేసి, 2025 జనవరిలో మళ్ళీ విధించింది. ఈ నియమాల వెనుక మతం ఉన్నమాట నిజమే, కానీ ఆచరణలో అవి గీసింది ఆర్థిక రేఖను. హోటలు బారులో ఒక గ్లాసు బీరు ఖరీదు కూలీకి ఒక పూట కష్టాన్ని మింగేస్తుంది. మన పల్లెల్లో కల్లు మండువా చేసే పని, అంటే పదిమందిని చెట్టుకింద కూర్చోబెట్టి నోరు విప్పించడం, ఇక్కడ చాయ్ చేయవలసి వచ్చింది.

ఇక్కడే యాసర్ ఎల్షెష్తావీ పుస్తకం ‘దుబాయి: బిహైండ్ యాన్ అర్బన్ స్పెక్టకిల్’ (2010) నాకు దారి చూపింది. వాస్తుశాస్త్ర ఆచార్యుడైన ఆయన బుర్జులను వదిలి, బనియాస్ చౌకు, గుబైబా బస్టాండు, సత్వా వీధులలో నిలబడి మనుషులు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు అని పటాలు గీశాడు. ప్రణాళిక వేసినవాడు అనుకోని చోట్ల నగరం పుడుతుందని ఆ పటాలు చెబుతాయి. కాఫిటేరియా ముందరి అరుగు అలాంటి చోటు. నేహా వోరా ‘ఇంపాజిబుల్ సిటిజెన్స్’ (2013) మరో కోణం తెరుస్తుంది: దుబాయి భారతీయులు పౌరులు కాలేరు, అయినా నగరం వారు లేనిదే నగరం కాదు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, వీసా ఇవ్వని స్థానికత కొంత టీ కొట్టు ఇస్తుందని అర్థమవుతుంది. అది ఎంత బలహీనమైన హామీయో కూడా చరిత్రే చెప్పింది. 2008లో జుమైరా గార్డెన్ సిటీ అనే భారీ పథకం కోసం సత్వాలో ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టారు. ఆపింది ఎవరి దయా కాదు, ప్రపంచ ఆర్థిక సంక్షోభం.

మరి ఈ చరిత్రలో తెలుగువాడు ఎక్కడ? తెలంగాణ పల్లెల్లో గల్ఫ్ మొత్తానికీ ‘దుబాయి’ అనే పేరు. మస్కట్ పోయినవాడూ ‘దుబాయికి పోయిండు’. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, ఇటు కోనసీమ, కడప నుంచి అయిదు దశాబ్దాలుగా మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. అయినా మలయాళీ పొరోటాలా, పాకిస్తానీ నిహారీలా నగరపు నాలుకమీద మన ముద్ర చాలాకాలం పడలేదు. పేరుకు హైదరాబాదీ బిర్యానీ ఉన్నా, వండింది మరొకరు. కారణం ఊహించడం కష్టం కాదు. మలబారువాడు సముద్ర వ్యాపారపు పాత దారిలో, చిన్నదో పెద్దదో పెట్టుబడితో వచ్చి కొట్టు పెట్టాడు. మనవాడు బోరు ఎండిపోయి, ఏజెంటుకు అప్పు చేసి, కట్టడాల పనికి వచ్చాడు. అప్పు తీరేదాకా అతను కొనుగోలుదారే, అదీ రోజుకు ఒకటి రెండు దిర్హాల మేరకు. కరామా, బర్ దుబాయి వీధుల్లో గోంగూర, పెసరట్టు బోర్డులు కనిపించడం చదువుకున్న ఉద్యోగులు పెరిగాక వచ్చిన మార్పు. కాబట్టి మన సాహిత్యంలో గల్ఫ్ అంటే శవపేటిక, అప్పు, ఎదురుచూసే భార్య. అది అబద్ధం కాదు. కానీ అంతే నిజం కాదు. దుఃఖితుడు కూడా సాయంత్రం ఎక్కడో ఒకచోట కూర్చుంటాడు, నవ్వుతాడు, చాయ్ బాగుందనో నీళ్ళగా ఉందనో అంటాడు. ఆ అరగంట మన కథల్లోకి రాలేదు.

ఆ అరగంట విలువ నాకు తెలిసింది పుస్తకాలలో కాదు. కొన్నేళ్ళ క్రితం నా గదికి మధుమేహం అదుపు తప్పిన ఒక రోగి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, మేస్త్రీ. అలవాటు ప్రకారం తిండి లెక్క అడిగాను. పొద్దున ఒకటి, పనిలో రెండు, సాయంత్రం రెండో మూడో, అన్నీ డబ్బా పాలు, రెండేసి చెంచాల చక్కెర. నేను కాస్త కఠినంగానే, సాయంత్రం చాయ్ పూర్తిగా మానెయ్యమన్నాను. అతను మందుల చీటీ మడుస్తూ, వినయంగానే అన్నాడు: “చాయ్ బందు జేస్తే మరి యాడ గూసుండాలె సారూ? ఉత్తగ గూసుంటే లెవ్వుమంటరు.”

దానికి నా దగ్గర వైద్యం లేదు. చక్కెర లేకుండా అడగమన్నాను. ఆ మాటతో అంతవరకూ నేను రోగకారణంగా చూసిన కప్పు అద్దె రసీదుగా కనిపించింది. ఒక దిర్హం ఇచ్చి అతను కొంటున్నది అరగంట కుర్చీని. ఓరుగల్లు బాటసారి రూక ఇచ్చి కొన్నదీ భోజనం ఒక్కటే కాదేమో. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఇల్లు కూడా అలాంటిదే కదా: ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు చేరే చోటు, దాన్ని నడిపేది సంఘం గడప లోపల చోటివ్వని స్త్రీ.

ఇప్పుడు కరక్‌కు గౌరవం వచ్చింది. ఎమిరాతీ యువతరం దాన్ని తమ సాయంకాలపు పానీయంగా చేసుకుంది. కార్లు బారులు తీరే కొట్లు, చల్లటి గాలి యంత్రాల కింద గాజు కప్పుల్లో పదిహేను దిర్హాలకు అమ్మే కేఫులు వచ్చాయి. అందులో తప్పు లేదు. పానీయాలు పైకి ఎక్కడం చరిత్రలో మామూలే. అటు మామూలు కాఫిటేరియాలలో కూడా ఏళ్ళ తరబడి కదలని ఒక దిర్హం ధర ఇటీవల చాలాచోట్ల ఒకటిన్నర అయింది. మనకది లెక్కలోకి రాని అర దిర్హం. రోజుకు మూడు కప్పులు తాగి, నెలాఖరున ఇంటికి పంపే మొత్తం కూడుకునేవాడికి లెక్కే.

2015లో యునెస్కో అరబ్బీ కాఫీని, మజ్లిస్‌ను మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. ఎమిరేట్స్, సౌదీ, ఒమన్, ఖతార్ కలిసి వేసిన ఆ దరఖాస్తు న్యాయమైనదే. ఉచితంగా పోసే చేతికి దక్కిన గౌరవమది. వెల తీసుకుని పోసే చేతికి అలాంటి జాబితా ఏదీ లేదు, ఉండనక్కరలేదు కూడా. దానికి కావలసింది ఒక సాంఘిక చరిత్రకారుడు. ప్రతాపరెడ్డిగారికి ఒక ‘క్రీడాభిరామం’ దొరికింది. కాబట్టి ఆరువందల ఏళ్ళ కిందటి కంచంలో ఏముందో మనకు తెలుసు. గుబైబా అరుగుమీద ఈ రాత్రి కూర్చున్నవాడి కప్పు గురించి తెలుగులో ఎవరైనా రాసిపెడితే తప్ప, అతను ఇక్కడ కూర్చున్నాడని రేపు ఎవరికీ తెలియదు. అతని చాయ్ అయిపోతే కుర్చీ మరొకరిది.